ఆకుపచ్చ చీటీల ఎలుకలు

రెండు గంటలకు ఎలుకల తాతను కోర్టులో హాజరుపరుస్తారు. డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. చేతిలో ఉన్న సమయం రెండు గంటలు కూడా లేదు. కడుపులో ఉన్నది పొద్దున తాగిన అర గ్లాసు పాలు, దాని కింద ఎప్పటి మంట అప్పటిదే. ఇరవై రెండేళ్ల పోలీసు ఉద్యోగంలో అతను సంపాదించి నిలబెట్టుకున్నది ఆ కడుపుమంట ఒక్కటే. ఎక్కడికెళ్లినా సంచీలో పాలు పెట్టుకుని తిరిగేవాడని డిపార్టుమెంటులో అతనికి పాలసీసా అని పేరు పెట్టారు. అతను ఉద్యోగాన్ని వదిలేసినా పేరు అతన్ని వదల్లేదు.

అతను ఇప్పుడు నిలబడ్డ పరిశోధనశాలలో రెండేళ్లుగా ఒకటే పని జరుగుతోంది. ఒక చెట్టు ఆకుల రసం కడుపులో పుండ్లు పడకుండా కాపాడుతుందా లేదా అని ఎలుకల మీద పరీక్షిస్తున్నారు. ఆ పనికి పెద్ద డాక్టరమ్మ. ఈ ఉదయం ఏడులోపే, ఎలుకల పొట్టలు కోసే గదిలో, ఆకులు నూరే రాతి పొత్రంతో ఎవరో ఆవిడ తల పగలగొట్టారు. ఏడూ ఇరవైకి శవాన్ని చూసి కేకపెట్టినవాడు ఎలుకల తాత. పాతికేళ్లుగా ఎలుకల గదికి కాపలా ఆయనే, వాటి మేత, నీళ్లు, పెంట అన్నీ ఆయనే.

ఇన్‌స్పెక్టర్ ఎనిమిదిన్నరకల్లా తాత చేతికి సంకెళ్లు వేసేశాడు. ఈ ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు డిటెక్టివ్ కింద పనిచేసినవాడే. ఇప్పుడు ‘గురువుగారూ’ అని పిలుస్తాడు గాని ఆ పిలుపులో ఎప్పుడూ ఒక రాయి దాగి ఉంటుంది. అతని లెక్క తప్పనడానికీ లేదు. తాత డ్యూటీ ఏడింటికి. గేటు పుస్తకంలో తాత వచ్చింది అయిదూ నలభైకి, డాక్టరమ్మ ఆరూ అయిదుకి. ఏడులోపు లోపలికి వెళ్లిన పేర్లు ఆ రెండే. ఎందుకంత పెందలాడే వచ్చావంటే తాత ముందు ఏడింటికే వచ్చానన్నాడు, పుస్తకం చూపిస్తే నోరు కుట్టేసుకున్నాడు.

పది గంటలకు తాత కూతురు డిటెక్టివ్ గడప తొక్కింది. వీధి చివర కొట్టులో బట్టలు కుడుతుంది, తల్లి లేదు. మా నాన్న చీమకైనా అపకారం చెయ్యడు సార్ అంది. కూతుళ్లందరూ అదే అంటారు. అయినా ఆ పిల్ల ఏడవకుండా, సూదిపోట్లు పడ్డ వేళ్లు నలుపుకుంటూ చెప్పిన తీరు చూసి, వద్దనలేక వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ పెద్ద మనసు చేసుకుని, గురుదక్షిణ అనుకోండి అంటూ ఒక గంట లోపల తిరగనిచ్చాడు.

కోసే గదిలో అతనికి అన్నీ చూపించింది చిన్నసారు. డాక్టరమ్మ శిష్యుడు, ముప్ఫై దాటినవాడు. పెద్ద డిగ్రీకి రాసిన పుస్తకం నెల కిందటే ఇచ్చాడట. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట మెత్తగా ఉంది. పరీక్ష ఎలా చేస్తారో ఓపిగ్గా చెప్పాడు. ఎలుకలకు ఒక పగలూ రాత్రీ మేత ఆపేస్తారు. పొద్దున ఎనిమిదింటికి కొన్నిటికి ఉత్త నీళ్లు, కొన్నిటికి తక్కువ ఆకురసం, కొన్నిటికి ఎక్కువ ఆకురసం, కొన్నిటికి బజార్లో దొరికే మాత్ర గొంతులో పోస్తారు. గంట తరవాత అన్నిటికీ ఘాటైన స్పిరిట్ పోస్తారు. మరో గంటకు పొట్ట తీసి, కోసి, కడిగి, బల్ల మీద పరిచి పిన్నులు గుచ్చి, భూతద్దంతో పుండ్లు లెక్కపెడతారు. నీళ్లు తాగినవాటి పొట్ట ఎర్రటి చారలతో గీరేసినట్టు ఉంటుంది. ఆకురసం ఎంత ఎక్కువైతే పుండ్లు అంత తక్కువ. రెండేళ్లుగా పద్దెనిమిది సార్లు చేశారు, పద్దెనిమిది సార్లూ అంతే. వచ్చే నెల నుంచి ఆస్పత్రిలో మనుషులకు ఇవ్వబోతున్నారు.

డిటెక్టివ్‌కి ఆ మాట వినగానే ఆశ పుట్టింది. ఆ రసం ఒక సీసా దొరుకుతుందా అని అడగబోయి, శవం లేచిన చోట నిలబడి అడగాల్సిన మాట కాదని ఊరుకున్నాడు.

కోసేదీ కడిగేదీ ఎవరని అడిగాడు. తానేనని, లెక్కపెట్టడం మాత్రం డాక్టరమ్మదని చిన్నసారు చెప్పాడు. ఏ పొట్ట ఏ ఎలుకదో తెలిస్తే కన్ను మోసం చేస్తుందని తాను కడిగి ఇచ్చిన పొట్టలే ఆవిడ చూసేవారట. పోయిన శనివారం తనకు జ్వరం రావడంతో ఆవిడే కోసుకున్నారట. గోడ పక్కన జాడీలు చూపిస్తూ కాస్త నవ్వాడు. తనకు ఒక పొట్టకు ఆరు పిన్నులు చాలు, ఆవిడకు ఎనిమిది కావాలి, దాని మీద ఇద్దరికీ రోజూ పోట్లాటేనన్నాడు. ఈ ఉదయం ఎనిమిదింటికి వచ్చాననీ, వెనక తలుపు తాళంచెవి తనకూ తాతకూ మాత్రమే ఉందనీ, తనది ఇంట్లోనే ఉందనీ అడక్కుండానే చెప్పాడు. ఆ తరవాత తలనొప్పిగా ఉంది, ఏదైనా తిని వస్తానన్నాడు. ఇన్‌స్పెక్టర్ వెళ్లిరండని తలూపాడు. అప్పుడు టైము పన్నెండున్నర.

ఎలుకల గది పక్కదే. పైన గాలి లాగే ఫ్యాను రొదకు మనిషి మాట మనిషికి వినపడదు. దాన్ని ఆపించి, డిటెక్టివ్ పొద్దున్నుంచీ అక్కడే కాపలాలో ఉంచిన తాత ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. తాత సంకెళ్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాడు. అతన్నేమీ అడగకుండా డిటెక్టివ్ కాసేపు బోనులే చూశాడు. ఇరవై నాలుగు బోనులు, ఒక్కో దాంట్లో ఒక్కో ఎలుక. నిన్న పొద్దున మేత ఆపి ఈ ఉదయం పరీక్షకని పెట్టినవి, ఎవరూ ముట్టుకోలేదు. నీళ్ల ఎలుకలకు తెల్ల చీటీ, మాత్రవాటికి పసుపు, తక్కువ రసానికి లేత ఆకుపచ్చ, ఎక్కువ రసానికి ముదురు ఆకుపచ్చ. అడుగున ఇనుప జాలీ, దాని కింద పెంట పడే పళ్లెం.

అతను ఒక్కో పళ్లెం లాగి చూశాడు. తెల్ల చీటీల కింద పళ్లేలు దాదాపు ఖాళీ. పసుపు, పచ్చ చీటీల కింద నిండుగా పెంట, మేత పొడి. ముదురు పచ్చవాటి కింద ఇంకా ఎక్కువ.

“ఆకలితో ఉంచిన ఎలుకకు ఇంత పెంట ఎక్కణ్నుంచి వచ్చింది తాతా?”

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆ ముసలాయనకు తెలుసు. డిటెక్టివ్ తొందరపెట్టలేదు. నీ కూతురు పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా తిరుగుతోందని మాత్రం చెప్పాడు. అప్పుడు తాత కళ్లు తుడుచుకుని, గోడకు చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు.

“పరగడుపున మందు ఎవరైనా తాగుతారా బాబూ? పసిపిల్లకైనా మందు పోసేముందు ఏదైనా తినిపిస్తాం కదా. తెల్ల చీటీ వాటికి ఉత్త నీళ్లే, వాటికి ఫరవాలేదు. పాపం ఈ పచ్చ చీటీలవాటికీ, పసుపువాటికీ మందాయె. అందుకే తెల్లారకముందే వచ్చి నాలుగు మేత గుళికలు వేసేవాణ్ని. ఎక్కువ మందు తాగేవాటికి ఇంకో నాలుగు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మొదటి నుంచీ.”

నిండు పొట్టలో స్పిరిట్ పోస్తే మేత మధ్యలో అడ్డుపడుతుంది, పుండ్లు తక్కువ పడతాయి. ఎంత మేత పడితే అంత తక్కువ. పద్దెనిమిది సార్లూ కాపాడింది ఆకు కాదు, ముసలాయన జాలి. ఇన్నేళ్లలో ఎలుకలకు మేత ఎందుకు ఆపాలో ఆయనకు ఎవ్వరూ చెప్పలేదు, ఆపమని మాత్రమే చెప్పారు. డిటెక్టివ్‌కి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిటికీ ఓపిక లేక ఊరుకున్నాడు. మరి ఆ ఆకులో ఏమీ లేదా అని తాత బిక్కుబిక్కుమంటూ అడిగాడు. ఏమో, ఇంతవరకూ ఎవరూ పరీక్షే చెయ్యలేదు కదా అన్నాడు డిటెక్టివ్.

గుమ్మం దగ్గర ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఏమో, అంతా విన్నాడు.

“కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే గురువుగారూ. తాత అక్కడ ఉన్నాడని నేను చెప్పాను, ఎందుకు చంపాడో తెలియలేదు. అది మీరు వెతికిపెట్టారు. ఆవిడ పట్టుకుంది, ఉద్యోగం పోతుందని ఈయన కొట్టాడు. ఇక బయల్దేరనా?”

అతను అన్నది కాదనడానికి లేదు. వంద కేసుల్లో తొంభై తొమ్మిదింటిలో డిటెక్టివ్ కూడా అదే అనేవాడు. విడిపిస్తాననుకుని వచ్చి ముసలాయన మెడకు ఉరి తానే బిగించాడు. ఇంకా అరగంట ఉంది, నా గంట నాకివ్వు అన్నాడు. ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. ఒకప్పుడు మీరు చెప్పిందల్లా రాసుకున్నాను, ఇప్పుడు మీ ముసలితనానికి నా కేసు బలిపెట్టలేనన్నాడు. డిటెక్టివ్ ఆ మాట పట్టించుకోకుండా పీట ముందుకు జరుపుకున్నాడు.

తాతనే మళ్లీ అడిగాడు. ఆరూ అయిదుకి డాక్టరమ్మ వచ్చినప్పుడు నువ్వేం చేశావు? తాత తల వంచుకున్నాడు. కిటికీలోంచి ఆవిడ రావడం చూసి దీపం ఆర్పి, మేత బస్తాల వెనక నక్కాడట. ఫ్యాను రొదకు ఆ గదిలో ఏం జరిగిందో ఏమీ వినపడలేదు. ఒకటి మాత్రం వినపడింది. కొళాయి గొట్టం ఈ గోడలోంచే పోతుంది, అవతల కొళాయి తిప్పితే ఇక్కడ గోడ ఫ్యాను రొదను మించి గుయ్యిమంటుంది. ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా గోడ మోగుతూనే ఉంది. డాక్టరమ్మ ఏదో కడుక్కుంటోంది, వెళ్లేదాకా కదలకూడదని అక్కడే ఉన్నాడు. చప్పుడు ఆగి, అయిదు నిమిషాలైనా ఎవరూ బయటికి రాకపోతే వెళ్లి చూశాడు.

“నేను దొంగలా నక్కకుండా వెళ్లి ఉంటే బతికేదా బాబూ?” అన్నాడు.

పోలీసు డాక్టరు ఆవిడ చనిపోయింది ఆరుంబావుకీ ఆరూ ముప్పావుకీ మధ్య అన్నాడు. ఏడుంబావు దాకా చచ్చిన మనిషి కొళాయి తిప్పదు. ముసలాడి మాటకు సాక్ష్యమేదని ఇన్‌స్పెక్టర్ అన్నాడు గాని, ఈసారి గొంతులో రాయి లేదు. ముగ్గురూ కోసే గదికి నడిచారు.

డిటెక్టివ్ తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి, నీళ్లు పోయే కన్నానికి అడ్డుపెట్టిన జల్లెడను బయటికి తీశాడు. దాన్నిండా నానిన మేత పిప్పి. పట్టకారుతో దాన్ని కెలికితే తెల్లదారం ముక్కలు బయటపడ్డాయి. ఒక్కోటి అంగుళం పొడవు, ముడి వేసి ఉన్నవి. లెక్కపెట్టాడు, ఇరవై రెండు. ఆ తరవాత శనివారం తేదీ వేసిన జాడీ దించి, కోసి పరిచిన పొట్టలను ఒక్కోటీ బల్ల మీద పెట్టాడు. జాడీ చీటీ ప్రకారం ఆ రోజు మాత్ర ఎలుకలు లేవు, ఆకురసం పోసినవి పన్నెండు. అన్నీ అద్దంలా కడిగి ఉన్నాయి.

“చూడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో. “పిన్నులు గుచ్చిన కన్నాలు లెక్కపెట్టు.”

ఇన్‌స్పెక్టర్ భూతద్దం తీసుకుని వంగాడు. మొదటిదానికి ఎనిమిది కన్నాలు. రెండోదానికి ఆరు. మూడోదానికి ఆరు. మిగిలినవన్నిటికీ ఆరే. అతను నిటారుగా లేచేసరికి మొహంలో రంగు మారింది.

శనివారం డాక్టరమ్మ వీటిలో ఒక్క పొట్టే కోసింది, ఎనిమిది పిన్నులతో. అందులో మేత చూసింది. చూడగానే మిగతా పదకొండిటినీ కోయకుండా, లోపలిది కారిపోకుండా రెండు కొసలూ దారంతో కట్టి, రుజువుగా దాచింది. పదకొండు రెళ్లు ఇరవై రెండు. ఆ రుజువును ఈ ఉదయం ఎవడో ఒక్కోటీ కోసి, మేత కడిగేసి, ఏమీ ఎరగనట్టు తిరిగి జాడీలో వేశాడు. నలభై నిమిషాల పని. ఈ తాతకు కత్తెర పట్టుకోవడమే రాదు, ఎలుకను కోసే రోజు ఈ గది ఛాయలకు కూడా రాడు. ఎవడి చేతికి రెండేళ్ల అలవాటుందో వాడి చెయ్యి, పక్కన శవం ఉన్నా, ఆరు పిన్నులు గుచ్చేసింది.

“రెండేళ్లుగా ప్రతి పొట్టా కోసినవాడికి లోపల మేత కనపడలేదంటావా?” అన్నాడు డిటెక్టివ్ అలసటగా. “అదిగో ఆ పరీక్షల పుస్తకంలో ప్రతిసారీ ‘ఖాళీ’ అని రాసుకుంటూ పోయాడు. ఫలితం బాగుంటే చాలనుకున్నాడు, డిగ్రీ పుస్తకం ఇచ్చేశాడు. ఈ ఉదయం ఆవిడ నిలదీయడానికి పిలిచి ఉంటుంది, గేటు పుస్తకంలో పేరు పడకుండా వెనక తలుపు తాళం తీసుకుని వచ్చాడు. శనివారం జ్వరం రాకపోతే ఆవిడ బతికుండేది.”

ఇన్‌స్పెక్టర్ తాత చేతి సంకెళ్లు విప్పాడు. తప్పయిందని అనలేదు, అంటాడని డిటెక్టివ్ అనుకోనూ లేదు. చిన్నసారు బండి గేటు దాటి అరగంటయిందని కానిస్టేబుల్ వచ్చి చెప్పాడు. భోజనానికే కదా, వస్తాడు, రాగానే పట్టుకుందాం అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డిటెక్టివ్ మాత్రం తాత వైపు తిరిగాడు. కొళాయి చప్పుడు సంగతి పోలీసులకు పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాడు. తాత మణికట్టు రుద్దుకుంటూ, చిన్నసారే చెప్పొద్దన్నాడు బాబూ అన్నాడు. చెబితే ఆ టైములో అక్కడేం చేస్తున్నావని అడుగుతారు, నీ మెడకే చుట్టుకుంటుందని మంచి మాటే చెప్పాడట.

“ఆయనకు చెప్పావా?”

“ఎనిమిదింటికి రాగానే అడిగాడు, ఏమైనా విన్నావా తాతా అని. చెప్పాను. ఇంకెవరికైనా చెప్పావా అంటే, అమ్మాయికి ఆఫీసు ఫోన్లో చెప్పానన్నాను. ఆ పిల్లను కూడా నోరు మూసుకోమని చెప్పు అని తన ఫోనే ఇచ్చి మాట్లాడించాడు. నా మీద ఒట్టు వేయించుకున్నాను.”

పోలీసులు చుట్టూ ఉన్న ముసలాడు చిన్నసారుకు భయం కాదు. ఒట్టు తప్పి ఎప్పుడైనా నోరు విప్పగల మనిషి ఒక్కతే, కొట్లో ఒంటరిగా బట్టలు కుట్టుకుంటోంది. డిటెక్టివ్ ఫోన్ తీశాడు. అవతల రెండుసార్లు మోగింది, ఆ పిల్ల ఎత్తింది.

“సార్, నాన్న ఎలా ఉన్నాడు? చిన్నసారు ఇప్పుడే వచ్చారు. ఏదో మాట్లాడాలంటున్నారు. ఎండ కొడుతోందని షట్టర్ సగం దించారు.”

“ఆయనకోసారి ఫోన్ ఇవ్వమ్మా,” అన్నాడు డిటెక్టివ్. ఇరవై రెండేళ్లలో ఎందరితోనో అబద్ధాలాడిన గొంతు, ఈసారి కూడా తొణకలేదు. అవతల మెత్తగా హలో వినపడగానే, “మీకు శ్రమ తప్పింది సార్. తాత ఒప్పేసుకున్నాడు. కొట్టిందీ తనే, కొళాయి తిప్పి చేతులు కడుక్కున్నదీ తనేనట. అంతా రాసి వేలిముద్ర వేశాడు. కేసు అయిపోయింది,” అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. టోపీ కూడా తీసుకోకుండా పరిగెత్తాడు. కింద జీపు స్టార్టయిన చప్పుడు వినపడకుండా డిటెక్టివ్ అరచేత్తో ఫోన్ మూశాడు. బట్టలు కుట్టే కొట్టుకు పదకొండు నిమిషాల దారి.

అయ్యో పాపం, తాతేనా అన్నాడు చిన్నసారు. పెద్ద ఊపిరి వదిలిన చప్పుడు ఇక్కడిదాకా వినపడింది. ఆ పిల్లకు చెప్పే ధైర్యం నాకు లేదు, దగ్గర కూర్చుని నెమ్మదిగా మీరే చెప్పండి, నేను లైన్లోనే ఉంటానన్నాడు డిటెక్టివ్. తాత లేచి ఫోన్ లాక్కోబోయాడు. అతని నోటి మీద చెయ్యి అడ్డుపెట్టి, డిటెక్టివ్ ఆ ముసలి ఒంటిని గోడకు అదిమి పట్టుకున్నాడు. అవతల ఏదో గొణుగుడు, ఆ వెంటనే ఏడుపు. ఆ పిల్ల ఏడుస్తున్నంతసేపూ బతికున్నట్టే. ఆ ఏడుపు ఆగకూడదని అతను మనసారా కోరుకున్నాడు.

నాలుగో నిమిషంలో ఆగింది. ఫోన్ ఆ పిల్ల చేతికి మారింది. ముక్కు చీదుకున్న గొంతుతో, గట్టిగా, పక్కనున్న మనిషికి కూడా వినపడేలా మాట్లాడింది.

“నాన్న మీ అందరి భయానికి అబద్ధం చెప్పాడు సార్. కొళాయి తిప్పింది వేరే ఎవరో. ఒట్టు తప్పినా సరే, నేను కోర్టుకొచ్చి చెబుతాను.”

డిటెక్టివ్ ఆమెను పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. జవాబు రాలేదు. మిగతా సగం షట్టర్ కూడా కిందికి దిగిన చప్పుడు వినపడింది. జీపు ఇంకా ఏడు నిమిషాల దూరంలో ఉంది.